రెండు వందల పన్నెండు గుర్తులు, ఒక జిప్ మూట

నవంబరు 3, సోమవారం, పొద్దున్న 6.10

ఈ రోజు నుంచి కంప్యూటరు పని నేనే చేసుకుంటాను. ఎవ్వరినీ అడగను. బాబ్జీని అసలే అడగను. రాసి సంతకం కూడా పెడుతున్నాను. ఇట్లు, గురమ్మ, మూడో తరగతి పాసు, షాదీపూర్.

ఎందుకో కూడా రాసుకుంటాను, రేపు నేనే బెదిరిపోయి మాట మార్చకుండా.

ఒకటి. ఇరవయ్యో తేదీ గురువారం మంచిరోజు. మా బోటు మళ్ళీ నీళ్ళలోకి దిగుతుంది. ఈసారి ఆయన కాదు, మా అబ్బాయి కన్నబాబు నడుపుతాడు. ఆయనకి కంటి ఆపరేషన్ అయింది. కన్నబాబు ఇన్నాళ్ళూ జెట్టీలో ఇంజన్లు బాగు చేసుకున్నవాడు. సముద్రం లోపలి సంగతి వాడికేం తెలుసు?

రెండు. ఆయన పాత జీపీఎస్‌లో రెండు వందల పన్నెండు గుర్తులున్నాయి. పదిహేడేళ్ళుగా ఆయన నొక్కి పెట్టుకున్నవి. కొన్ని చేప దొరికే చోట్లు, కొన్ని నీళ్ళ కింద దాక్కున్న రాళ్ళు.

మూడు. ఆ జీపీఎస్ తెర చచ్చిపోతోంది. సగం నల్లబడింది. కొత్తది కొన్నాం. దాని కడుపు ఖాళీ.

నాలుగు. పాతదానిలోంచి గుర్తులు బయటికి తీయాలంటే కంప్యూటరులో ఒక సాఫ్ట్‌వేర్ ఉండాలట. ఆ కంపెనీవాళ్ళే నెట్‌లో పెట్టారట. దించుకోవడమే.

"బాబ్జీకి ఇచ్చేస్తే కామ్ ఖతమ్ కదమ్మా" అంటాడు కన్నబాబు. బాబ్జీ మా ఆడపడుచు కొడుకు. డిగ్నాబాద్‌లో కంప్యూటర్ షాపు. నిరుడు ఈ లాప్‌టాప్ నత్తలా నడుస్తోందని ఇస్తే మొత్తం తుడిచి తెచ్చాడు. "ఫార్మాట్ కొట్టేసినాను అత్తా, అబ్ ఏక్‌దమ్ ఫాస్ట్!" అన్నాడు పళ్ళికిలించి. కన్నబాబు పెళ్ళి ఫొటోలన్నీ పోయాయి. ఖాళీ చేశాక ఏ పెట్టె అయినా తేలిగ్గానే లేస్తుంది, దానికి కోర్సు చదవాలా?

పైగా వాడి షాపులో పొద్దస్తమానం జంగ్లీఘాట్ బోటువాళ్ళు టీలు తాగుతూ కూర్చుంటారు. చేప దొరికే చోటు మావాళ్ళు సొంత తమ్ముడికి కూడా చెప్పరు. అలాంటిది వాళ్ళ ముందు తెర మీద పరుస్తాడా!

నేనే చేస్తాను. ఎంతసేపు? వంట అయ్యాక కూర్చుంటే మధ్యాహ్నానికి అయిపోదూ!

అదే రోజు, 11.30

పేజీ దొరికింది. "డౌన్‌లోడ్" అని రాసి ఉంది. ఒక్కటి కాదు, ఆరు చోట్ల! షిప్పు దిగగానే ఆటోవాళ్ళు "ఇధర్ ఆవో అమ్మా, ఇధర్" అని చేతిలో సంచీ లాక్కుంటారు చూడండి, అలాగ. అన్నిటికన్నా పచ్చగా ఉన్నదాన్ని నొక్కాను.

11.50

గంట మోగుతోంది. ఎర్రటి అక్షరాలు. ఈ కంప్యూటరులో 1,348 ప్రమాదాలున్నాయట! పొద్దున్న ఒక్కటీ లేదే!

12.05

ప్లగ్ పీకేశాను. అయినా ఆరలేదు. లోపల బ్యాటరీ ఉంటుందని ఎవరికి గుర్తుంటుంది? తువ్వాలు కప్పి, పక్క గదిలో పెట్టి తలుపు వేశాను. ఇంకా మోగుతోంది.

సాయంత్రం 6.30

కోడలు సాయిలక్ష్మి ఆస్టినాబాద్‌లో ఒక స్కూలు ఆఫీసులో క్లర్కు. లాప్‌టాప్ ఆ పిల్లదే. వచ్చి తువ్వాలు తీసి, నవ్వాపుకుని, ఆ దిక్కుమాలినదాన్ని తీసేసింది. "అత్తయ్యా, కంపెనీవాళ్ళ సొంత పేజీలోంచే దించాలి. మీరు నొక్కింది యాడ్" అంది. అసలు పేజీ తెరిచి పెట్టింది.

ఇది అడగడం కిందికి రాదు. నేను పిలవలేదు. ఆ పిల్లే వచ్చి చూసింది.

"జిప్ అని వస్తుంది అత్తయ్యా. జిప్ అంటే మూట. దాన్ని విప్పాలి. విప్పేటప్పుడు..."

"ఆపు తల్లీ. మూటలు విప్పడం నాకు నేర్పుతావా?" అన్నాను. నలభై ఏళ్ళుగా విశాఖపట్నం నుంచి షిప్పులో ఈ దీవులకి వచ్చిన మూటలు విప్పుతున్నదాన్ని!

నవంబరు 5, బుధవారం

9.00 మొదలు. 480 ఎంబీ. గీత పచ్చగా పాకుతోంది. ఎంత ముచ్చటగా ఉందో!
9.40 పన్నెండు శాతం.
10.30 ముప్పై ఒకటి. వాన.
11.15 డెబ్బై ఒకటి! వాన గట్టిగా పట్టింది. ఉరిమితే తీగలోంచి మెరుపు దీనిలోకి దిగుతుందేమో. కాళ్ళు కుర్చీ మీద పెట్టుకుని కూర్చున్నాను.
11.20 నెట్ పోయింది.
1.00 నెట్ వచ్చింది. గీత లేదు. మళ్ళీ సున్నా.

ఆయన నల్లకళ్ళజోడుతో మంచం మీద పడుకుని వింటున్నారు. "ఏటే గురమ్మా, నీ డౌన్‌లోడు కంటే నికోబార్ షిప్పే ముందొచ్చేస్తాది."

ఒక కన్ను మూసినా నోరు మూయలేదు డాక్టరు.

నవంబరు 7, శుక్రవారం, 10.15

వచ్చింది! మొత్తం వచ్చింది! పసుపు సంచీ బొమ్మ, దాని మీద నిజంగానే జిప్ ఉంది. బెల్లం పరమాన్నం వండాను. ఆయన రెండు గిన్నెలు తిని, "దేనికే ఇది?" అన్నారు. చెప్పలేదు. పని అయ్యాక చెబుతాను. అప్పుడు చూడాలి ఆ మొహం.

నవంబరు 8, శనివారం

మూట తెరిచాను. లోపల బారెడు జాబితా. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే పోల్చుకుంటాను కాబట్టి కొంచెం ఆలస్యం, అంతే. నాకు కావాల్సింది "సెటప్". ఒక్కదాన్నే పట్టుకుని బయటికి లాగి, మూట మళ్ళీ మూసేశాను.

ఇది పద్ధతి. ఈ దీవుల్లో ఎవరినైనా అడగండి. మిరపకాయల మూట వస్తే ఆ వారానికి సరిపడా తీసుకుని, తక్షణం మూతి బిగించి డబ్బాలో పెట్టాలి. మొత్తం విప్పి పరిచారా, ఉప్పుగాలికి నాలుగు రోజుల్లో బూజు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలే అన్నీ బయట పోస్తారు.

సెటప్ నొక్కాను. నీలం తెర వచ్చింది. విండోస్ మీ కంప్యూటరుని కాపాడింది అని. ఎవరి నుంచి? దాని దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను!

మంచినీళ్ళు తాగొచ్చి మళ్ళీ నొక్కాను. ఏదో ఫైలు దొరకలేదట. ఆ పేరు కాగితం మీద బొమ్మ గీసినట్టు గీసుకున్నాను.

నవంబరు 10, సోమవారం

మూట తెరిచి ఆ ఫైలు వెతికి తెచ్చాను. మూట మూశాను. సెటప్ నొక్కాను. ఇంకో ఫైలు దొరకలేదట. అదీ తెచ్చాను. ఇంకోటి. విడిదింట్లో మగపెళ్ళివారిలాగ, కాఫీ ఇస్తే చక్కెర తక్కువంటారు, చక్కెర ఇస్తే చెంచా ఏదంటారు. ఒకేసారి చెప్పొచ్చు కదా, నోట్లో ఏముంది?

పదకొండు తెచ్చాను. పన్నెండోది అడిగేసరికి లాప్‌టాప్ మూత వేసేశాను.

ఈ కంపెనీవాళ్ళకి తెలివి లేదు.

నవంబరు 12, బుధవారం

ఈ రోజు ముట్టుకోలేదు. కారణాలు:

వాన.
కుడికన్ను అదిరింది.
కంప్యూటరుకి కూడా విశ్రాంతి కావాలి. వేడెక్కి పేలిపోయిన వీడియో చూశాను.
ఇంకా ఎనిమిది రోజులుంది. ఎనిమిది రోజులంటే తక్కువా?

కన్నబాబు బోటుకి రంగు వేసి వచ్చాడు, చేతులు నీలంగా. "అమ్మా, హువా క్యా?" అన్నాడు. "అవుతోంది" అన్నాను. అబద్ధం కాదు. అవుతూనే ఉంది.

నవంబరు 14, శుక్రవారం, 10.00

ఆలోచించాను. విసుగొచ్చింది. పద్ధతి పక్కన పెట్టి మూట మొత్తం బయటికి దిమ్మరించేశాను, ముందు కనిపించే తెర మీదికే. పోస్తుంటే ఆగదు! మూడు వందల చిల్లర! లోపల చిన్న సంచీలుంటే వాటినీ విప్పి పోశాను. కవళ్ళ చేపలు ఎండేసిన తీరంలాగ అయింది తెర. కాలు పెట్టే చోటు లేదు.

10.40

శుభ్రం చేస్తున్నాను. పేరు అర్థం కానివి, బొమ్మ లేనివి, ఒకేలాంటివి రెండున్నవి తీసి చెత్తబుట్టలో వేస్తున్నాను. బాగా తగ్గింది. మనసుకి హాయిగా ఉంది.

11.10

సెటప్ నొక్కాను. మళ్ళీ దొరకలేదట! ఎందుకు దొరుకుతుంది, నేను పారేశాను కదా. ఆ దరిద్రపు ఫైలుకి ముందే చక్కటి పేరు పెట్టుకోవద్దూ?

సాయంత్రం 6.15

సాయిలక్ష్మి లాప్‌టాప్ తెరిచింది. తెరంతా ఒకసారి వెతికి, నెమ్మదిగా, "అత్తయ్యా, మా స్కూలు హాజరు పట్టీ ఇక్కడుండాలి" అంది.

"ఎలా ఉంటుంది?"

"తెల్లగా, పచ్చ అక్షరాలతో."

అది నాకు బాగా గుర్తుంది. దానికీ బొమ్మ లేదు.

చెత్తబుట్టలోంచి తీసుకుందిలెండి, పోలేదు. కానీ అన్నం తినేటప్పుడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నెమ్మది మనిషికి కోపం వస్తే ఇల్లంతా ఫ్రిజ్ తెరిచినట్టు ఉంటుంది.

నవంబరు 16, ఆదివారం

పాత జీపీఎస్ తెర పూర్తిగా నల్లబడింది.

నొక్కితే కుయ్‌మంటుంది. ఏమీ కనిపించదు. ఇంకా నాలుగు రోజులు.

ఆయన మాత్రం తాపీగా, "పోతే పోనీయే. నాకు బుర్రలో ఉన్నాయి గదా. కన్నబాబుకి నోటితో సెప్పేస్తాను" అన్నారు. పొద్దున్న వాణ్ణి కూర్చోబెట్టి చెప్పారు. లైట్‌హౌస్ వెనక్కి పడ్డాక ఎడంచేతి వైపు రాయి ఉంది, కుడికి తిప్పుకోమని. నేను పప్పు రుబ్బుతూ విన్నాను. సాయంత్రం మళ్ళీ చెప్పారు. కుడిచేతి వైపు రాయి, ఎడమకి తిప్పుకోమని.

కన్నబాబు రెండుసార్లూ తలూపాడు.

నేను లేచి పెరట్లోకి వెళ్ళి, బట్టలు ఆరాయేమో చూశాను. వానలో ఎలా ఆరతాయి?

నవంబరు 17, సోమవారం, మధ్యాహ్నం 2.00

వెళ్ళాను.

ఇది ఓడిపోవడం కాదు. నేను మూటని సగం దాకా విప్పాను, మిగతా సగం వాడు విప్పుతాడు. ఇలా అనుకుంటూ బస్సెక్కాను. లాప్‌టాప్, నల్లబడ్డ జీపీఎస్, తీగ, మూడూ పాత చీరముక్కలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను.

షాపులో బోటువాళ్ళు నలుగురు. బాబ్జీ నన్ను చూడగానే, "అరే, గురమ్మత్త! ఖుద్ ఆయా! ఏటత్తా, నువ్వే చేసుకుంటావని కన్నబావ సెప్పినాడు?"

"చేశాను. ఆఖరి ముక్క మిగిలింది. నోరు మూసుకుని పని చూడు. ఫార్మాట్ అన్నావంటే మీ అమ్మకి ఇక్కణ్ణుంచే ఫోన్ చేస్తాను."

వాడు తెర చూశాడు. పారేయగా మిగిలిన ఫైళ్ళ తీరం. "బాప్ రే! అత్తా, ఏటిది, సునామీయా?" బోటువాళ్ళు నవ్వారు.

వాడు నా మూటనే మళ్ళీ తీసుకున్నాడు. మౌస్ కుడివైపు నొక్కాడు. "ఎక్స్‌ట్రాక్ట్ ఆల్" అన్నాడు. దానికి వేరే సంచీ అదే తయారు చేసుకుని, అన్నీ, ఎక్కడివక్కడ, ఒక్కటి చెదరకుండా అందులోకి దిగాయి. సెటప్ నొక్కాడు. అయిపోయింది. నాలుగు నిమిషాలు!

పద్నాలుగు రోజులు నేను పడ్డ పాట్లు నాలుగు నిమిషాల్లో చేసి చూపిస్తే ఎవరికైనా ఒళ్ళు మండదా? కాస్త కష్టపడినట్టు నటించొచ్చు కదా, పెద్దదాన్ని.

"అంతా విప్పాలత్తా. విప్పినా మూట మూటలాగే ఉంటాది. బూజు పట్టదు దీనికి" అన్నాడు. బూజు సంగతి వాడికి ఎవరు చెప్పారు? సాయిలక్ష్మి పని.

తీగ పెట్టాడు. తెర చచ్చినా జీపీఎస్ లోపల బతికే ఉంది. గుర్తులు బిలబిలమని వచ్చాయి. బోటువాళ్ళు టీ గ్లాసులు పక్కన పెట్టి మెడలు చాచారు. నేను చీరముక్క తీసి తెరకి అడ్డం పెట్టాను.

"తీయత్తా, ఏం లేదు సూడు" అన్నాడు బాబ్జీ.

నిజమే. 001, 002, 003... 212 వరకూ. పక్కన ఏవో అంకెలు, తేదీ, వేళ. పేర్లు లేవు! ఆయన ఒక్కదానికీ పేరు పెట్టలేదు! ఏది చేపో, ఏది రాయో, ఆ దేవుడికే తెలియాలి.

బోటువాళ్ళలో ఒకడు వెటకారంగా, "పెద్దమ్మా, సేపది ఏదో ఒకటి సెప్పు, పుణ్యముంటాది" అన్నాడు.

"అన్నీ చేపవే నాయనా. రాసుకుని వెళ్ళు. బోటు అడుగు చూసుకుని వెళ్ళు" అన్నాను.

వాడి నవ్వు ఆగింది. పెన్ను కూడా జేబులో పెట్టేశాడు.

సాయంత్రం 5.00

ఇంటికొచ్చాను. ఆయన్ని అడిగాను. "నలభై ఏడు ఏమిటి?"

"సేపల సోటు."

పావుగంట ఆగి వేరే మాటల మధ్యలో అడిగాను.

"నలభై ఏడా? రాయి గదా" అన్నారు. తర్వాత ఆయనే ఆగిపోయారు. అటు తిరిగి పడుకున్నారు.

నవంబరు 18, మంగళవారం

నలభై ఏడు పక్కన ఉన్న తేదీ 12-2-2011. వేళ 5.40.

తేదీ చూడగానే ఏదో గుర్తొచ్చింది. ట్రంకుపెట్టె తీశాను. సునామీకి ముందు రాసినవి నీళ్ళలో పోయాయి. తర్వాత రాసినవి ఇరవై డైరీలు. ఐస్ ఫ్యాక్టరీవాళ్ళు ఏటా ఇచ్చేవి. కర్పూరం వేసి, పాలిథీన్ చుట్టి, గుడ్డ కట్టి ఉంచాను. ఆయన బోటెక్కిన ప్రతి రోజూ రాశాను. ఎప్పుడు వెళ్ళారు, ఎప్పుడు వచ్చారు, ఏం తెచ్చారు, నాకెంత భయమేసింది. రాస్తుంటే ప్రతిసారీ ఆయన వెక్కిరింపే: "ఎందుకే అది? సముద్రం నీ పుస్తకం సదూతాదా?"

2011 ఒక్కటే బయటికి తీసి మూట మళ్ళీ కట్టాను. చదివాను.

"ఫిబ్రవరి 12, శనివారం. తెల్లారగట్ల 3కి వెళ్ళారు. 11 అయినా రాలేదు. జెట్టీలో నిలబడ్డాను. 1.20కి వచ్చారు. రాయి తగిలి అడుగు చెక్క చీలింది. నీళ్ళు తోడుకుంటూ వచ్చారు. చేపలు లేవు. మనిషి ఉన్నాడు."

రాయి.

మంచం దగ్గరికి వెళ్ళి గట్టిగా చదివాను. ఆయన ఆపరేషన్ అయిన కంటి మీద మూత సర్దుకుని, లేచి, పీట లాక్కుని నా దగ్గరగా కూర్చున్నారు.

"నూట పద్దెనిమిది సూడు" అన్నారు.

2016 జనవరి 9. "వంజరం ముప్పై. ఐస్ పెట్టె చాలక టార్పాలిన్‌లో కట్టుకొచ్చారు. మధ్యాహ్నం దాకా గాలి. రెండుసార్లు దండం పెట్టుకున్నాను."

"సేప" అన్నారు ఆయన.

ఒక్కొక్కటే తీసి కట్టే ఓపిక పోయింది. పాత దుప్పటి పరిచి ఇరవై డైరీలూ ఒక్కసారే విప్పేశాను, ఏ సంవత్సరం ఎక్కడుండాలో అక్కడ పెట్టి. బూజు పడితే పట్టనీ.

నవంబరు 19, బుధవారం, సాయంత్రం 4.30

డెబ్బై ఆరు అయ్యాయి. వరసగా చూస్తున్నాం. ఇప్పటికి పంతొమ్మిది రాళ్ళు. కొన్నిచోట్ల నా డైరీలో "ఏమీ చెప్పలేదు, ఉలుకూ పలుకూ లేదు" అని ఉంది. అవి ఆయన్ని గుచ్చి గుచ్చి అడిగితే, ఒక్కోటీ రాయే! ఇన్నేళ్ళూ నా దగ్గర దాచారన్నమాట! అప్పటి భయం నాకు ఇప్పుడు పట్టుకుంది, వడ్డీతో సహా.

పేర్లు తెలుగులో పెడతానంటే కన్నబాబు, "తెలుగు చదవడం ముష్కిల్ అమ్మా, బొమ్మ పెట్టు" అన్నాడు. కన్నబిడ్డకి తల్లి చేతిరాత రాదు. దాన్ని గురించి వేరే రోజు ఏడుస్తాను. సాఫ్ట్‌వేర్‌లో చేప బొమ్మ ఉంది, పుర్రె బొమ్మ ఉంది. రాళ్ళకి పుర్రె పెడుతున్నాను. ఒక్కో పుర్రె పెట్టినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తోంది గానీ, పెడుతున్నాను.

రేపటికి అవదు. నూట ముప్పై ఆరు మిగిలాయి.

"ముహూర్తం దాటిపోతాది నాన్నా" అన్నాడు కన్నబాబు.

"బోటు ఆగుతాది. ఇరవై ఏడు కూడా మంచిరోజే" అన్నారు ఆయన. "మీ అమ్మ పుస్తకం అయ్యేదాకా ఎవుడూ ఎక్కడికీ ఎల్లడు."

నేను తల ఎత్తలేదు. ఎత్తితే ఆయన మళ్ళీ ఏదో ఒక వెటకారం చేస్తారు.

నవంబరు 20, గురువారం, పొద్దున్న 8.20

బోటు ఒడ్డునే ఉంది. నీలం రంగు బాగానే ఆరింది.

ఒక చావు కబురు. కొత్త జీపీఎస్‌ని తీగతో పెట్టి చూశాను. మా సాఫ్ట్‌వేర్ దాని మొహం చూడనంది. కొత్తది వేరే కంపెనీదట. దానికి దాని సొంత సాఫ్ట్‌వేర్ కావాలట. నెట్‌లో ఉంటుందట. అది కూడా జిప్!

బాబ్జీ ఫోన్ చేశాడు. "తీసుకురా అత్తా, దో మినిట్ కా కామ్."

నాలుగు నిమిషాలు రెండు అయ్యాయి. వచ్చే నెలకి వాడి చూపు పడితే చాలంటాడు కాబోలు. పెట్టేశాను ఫోను.

ఈ రోజు నుంచి కంప్యూటరు పని నేనే చేసుకుంటాను. ఎవ్వరినీ అడగను. బాబ్జీని అసలే అడగను. ఇరవై ఏడు లోపల అవ్వాలి. మూట మొత్తం, వేరే సంచీలోకి, ఒక్కసారే విప్పుతాను. ఇట్లు, గురమ్మ, మూడో తరగతి పాసు, షాదీపూర్. సాక్షి సంతకం: అప్పలరాముడు. (ఆయనే అడిగి పెట్టారు. వంకరగా పడింది.)

8.45

పేజీ తెరిచాను. "డౌన్‌లోడ్" బొత్తాలు తొమ్మిది.

తువ్వాలు దగ్గర పెట్టుకున్నాను.